గడ్డి కోత యంత్రం స్టార్ట్ కావట్లేదా? ముందు ట్యాంకులోని పాత పెట్రోల్ చూడండి

పుదుచ్చేరి నుంచి విల్లుపురం వెళ్లే దారిలో సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది విల్లియనూరు. తిరుకామేశ్వరర్ ఆలయం, టెర్రకోట బొమ్మలు ఈ ఊరికి పేరు తెచ్చాయి. పక్కనే శంకరాపరణి నది. ఏటా కురిసే వానలో ఎక్కువ భాగం ఇక్కడ అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే పడుతుంది. ఆ మూడు నెలల్లో ఇళ్ల ముందు పచ్చిక, ఖాళీ స్థలాల్లో పిచ్చిగడ్డి మోకాలెత్తు పెరుగుతాయి. నేల బురదగా ఉండటంతో కోయడానికి వీలుండదు.

సంక్రాంతి దాటి నేల కాస్త ఆరగానే అందరికీ ఒకేసారి బ్రష్ కట్టర్ గుర్తొస్తుంది. తీరా బయటికి తీస్తే, తాడు పదిసార్లు లాగినా ఇంజన్ ఉలకదు, పలకదు.

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. విల్లియనూరు పచ్చికకు మాత్రం అది సంక్రాంతికే వచ్చేస్తుంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్న తెలుగు ఊరు యానాంలో లెక్క వేరు. అక్కడ నైరుతి వానలు జూన్‌లోనే మొదలవుతాయి. హైదరాబాద్‌లోనూ అంతే. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే 'మార్చిలో లాన్ సంరక్షణ' సలహాలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఉపయోగం లేదు. అవి మంచు కరిగే దేశాల కోసం రాసినవి. మన దగ్గర చూసుకోవాల్సింది వాన ఎప్పుడు ఆగిందన్నదే.

పాత పెట్రోల్‌తో ఏమవుతుంది?

గడ్డి కోసి రోజు గడిపేవారికి యంత్రం మొరాయించిన రోజు కూలీ పోయినట్టే. మెకానిక్ దగ్గరికి వెళ్తే చాలాసార్లు తేలేది ఒక్కటే: కార్బ్యురేటర్ జామ్ అయింది. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయిన పెట్రోల్ క్రమంగా ఆవిరై, మిగిలింది బంకలా మారుతుంది. సూది మొన కంటే సన్నగా ఉండే కార్బ్యురేటర్ రంధ్రాలను మూసేయడానికి ఆ బంక చాలు. అందుకే తయారీ సంస్థలు సాధారణంగా నెల రోజులకు మించి ఇంధనాన్ని నిల్వ ఉంచొద్దని చెబుతాయి.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను కేంద్రం 2023 ఫిబ్రవరిలో ప్రారంభించింది. 2025 నాటికి దేశంలోని బంకుల్లో చాలావరకు దొరికేది ఇదే. దీనిపై జరిగిన చర్చ అంతా కార్లు, బైకుల మైలేజీ చుట్టూనే తిరిగింది. ఇథనాల్ లేని పెట్రోల్‌ను కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బ్రష్ కట్టర్లు, రైతులు వాడే తైవాన్ స్ప్రేయర్లు, చిన్న నీటి పంపుల గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌నే లాన్ మోవర్ల వంటి చిన్న ఇంజన్లలో పోయడం నిషిద్ధం. ఆ మేరకు బంకు దగ్గరే హెచ్చరిక అంటిస్తారు. ఇక్కడ యంత్రం కొనేవారికి అలాంటి మాట చెప్పే ఏర్పాటు కనిపించదు.

చిన్న ఇంజన్లకు రెండు రకాలుగా చిక్కొస్తుంది. మొదటిది, ఇథనాల్ తగలడం వల్ల పాతకాలపు రబ్బరు పైపులు, కార్బ్యురేటర్‌లోని పల్చటి డయాఫ్రమ్ ఉబ్బి గట్టిపడతాయి. రెండోది నీరు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంత నీటిని తనలోనే ఇముడ్చుకుంటుంది కాబట్టి గాలిలోని తేమ ఒక్కదానితో వెంటనే ప్రమాదం రాదు. కానీ మూత సరిగా బిగించకో, వాన చుక్కలు పడో నీరు ఎక్కువైతే, ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. 2-స్ట్రోక్ ఇంజన్‌కు ఇదే అసలు గండం. ఆ ఇంజన్‌ను కాపాడే ఆయిల్ పైనున్న పెట్రోల్‌లో ఉండిపోతుంది. ఇంధన గొట్టం పీల్చేది అడుగు నుంచి. అంటే ఆయిల్ చుక్క లేకుండా పిస్టన్ తిరుగుతుంది. కాసేపటికి ఇంజన్ పట్టేస్తుంది.

మరి ఏం చేయాలి?

యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఇథనాల్ ఎంత శాతం వరకు ఫర్వాలేదో రాసి ఉంటుంది. ముందు అది చూడాలి. పది శాతమే అని ఉంటే, కనీసం ఇంధనాన్ని నిల్వ ఉంచకుండా జాగ్రత్తపడాలి. వారం, పది రోజులకు సరిపడా మాత్రమే కొనుక్కోవాలి. పని అయ్యాక రెండు వారాలకు మించి పక్కన పెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌ను స్టార్ట్ చేసి అదంతట అదే ఆగేదాకా నడపాలి. కార్బ్యురేటర్‌లో మిగిలిన చుక్కలూ అలా ఖర్చవుతాయి. ఈ ఐదు నిమిషాల పనికి బద్ధకించడం వల్లే జనవరిలో మెకానిక్ షాపుల ముందు నిలబడాల్సి వస్తుంది.

2-స్ట్రోక్ యంత్రాల్లో ఆయిల్ కొలత దగ్గర కూడా చాలామంది అంచనాగా పోసేస్తారు. 50:1 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్. 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. ఏది వాడాలో పుస్తకం, ఆయిల్ డబ్బా చెబుతాయి. హోండా జీఎక్స్35 వంటి 4-స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. దానికి ఆయిల్ విడిగా పోయాలి. రెండు రకాల యంత్రాలూ ఉన్నచోట క్యాన్లు తారుమారు కాకుండా పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోవడం మేలు.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. స్పార్క్ ప్లగ్ నల్లగా మసిబారితే తుడిచినా సరిపోతుంది, మార్చినా పెద్ద ఖర్చు కాదు. బ్లేడును ముట్టుకునే ముందు ప్లగ్ క్యాప్ తీయడం మాత్రం మరచిపోకూడదు.

వరదలో మునిగిన యంత్రాల సంగతి వేరు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ తర్వాత శంకరాపరణి పొంగింది. అలాంటప్పుడు నీళ్లలో నానిన యంత్రాన్ని బయటికి తీసి, పనిచేస్తుందో లేదో చూద్దామని తాడు లాగడమే పెద్ద పొరపాటు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. లోపలి కడ్డీ వంగిపోతుంది. ముందు ప్లగ్ విప్పి, యంత్రాన్ని తలకిందులు చేసి నీరు కార్చాలి. పెట్రోల్, ఆయిల్ పూర్తిగా పారబోయించాలి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే అందులో నీరు చేరినట్టే.

ఇక పచ్చిక విషయానికొస్తే...

ఇక్కడి ఇళ్లలో కనిపించేది ఎక్కువగా గరిక, లేదంటే నర్సరీలవాళ్లు 'మెక్సికన్ గ్రాస్' అనే రకం. వినాయకుడి పూజకు తెచ్చే ఆ గరికనే ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ పేరుతో మైదానాల్లో పెంచుతోంది. వానల్లో ఏపుగా పెరిగిన గడ్డిని ఒకేసారి నేలమట్టం చేస్తే మొదళ్లు ఎండకు మాడిపోతాయి. ఒకసారికి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకుండా, నాలుగైదు రోజుల ఎడంతో రెండు మూడు విడతల్లో దించాలి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. కోసిన రెండు రోజులకు కొసలు గోధుమ రంగుకు తిరిగాయంటే బ్లేడు సాన పట్టించాల్సిన సమయం వచ్చిందన్నమాట.

తుంగ మాత్రం కోతకు లొంగదు. నేలలో దాని గడ్డలు ఉన్నంతకాలం మళ్లీ మొలుస్తూనే ఉంటుంది. తడి ఉన్నప్పుడే గడ్డలతో సహా తవ్వి తీయాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లవ్స్ వేసుకుని పీకేయాలి.

కోసేటప్పుడు గోడల పక్కన ఇనుప బ్లేడు కాకుండా నైలాన్ దారం వాడాలి. వరద వెళ్లిన స్థలాల్లో గడ్డి మాటున రాళ్లు, గాజుపెంకులు ఉంటాయి. బ్లేడు వాటిని తూటాల్లా విసురుతుంది. అందుకే కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని తయారీదారులు చెబుతారు. ఇరుకు వీధుల్లో అంత ఖాళీ దొరకదు కాబట్టి, పిల్లలు బడికి వెళ్లిన సమయం చూసుకుని పని మొదలుపెట్టడం నయం.