ఎన్‌డోలే: చేదు ఆకు, పల్లీలు, రొయ్యలు.. కామెరూన్ వాళ్ల ఇష్టమైన కూర ఇంట్లో చేసుకోవడం ఎలా?

ఆకుకూర, పల్లీలు, మాంసం, రొయ్యలు.. నాలుగూ ఒకే గిన్నెలో! వినడానికి వింతగా ఉన్నా ఆఫ్రికా దేశం కామెరూన్‌లో ఇది అందరికీ తెలిసిన కూర. పేరు ఎన్‌డోలే. అక్కడి జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. పెళ్లయినా, పండగైనా, ఇంటికి చుట్టాలొచ్చినా ఈ గిన్నె పొయ్యి ఎక్కాల్సిందే. కాకపోతే ఇందులో వాడే ఆకు విపరీతమైన చేదు. ఆ చేదును ఎంత తీయాలి, ఎంత ఉంచాలి అన్నదే అసలు కిటుకు. అది తప్పితే ఖరీదైన రొయ్యలు, మాంసం అన్నీ వృథా.

రొయ్యల పేరున్న దేశం

ఎన్‌డోలే పుట్టిల్లు కామెరూన్ తీరప్రాంతం. డువాలా రేవు పట్టణం చుట్టుపక్కల ఉండే సావా ప్రజల వంట ఇది. ఇందులో రొయ్యలు ఉండటం వింతేం కాదు. 15వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు అక్కడి వూరి నదిలో గుంపులుగా రొయ్యలను చూసి, తమ భాషలో దానికి ‘రొయ్యల నది’ అని పేరు పెట్టారు. అందులోని ‘కమరోయెస్’ అన్న మాటే చివరికి కామెరూన్ అయింది!

ఆకు ఎందుకంత చేదు?

ఈ మొక్క శాస్త్రీయ నామం వెర్నోనియా అమిగ్డలినా. పురుగులు, జంతువులు తినేయకుండా మొక్క తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే రసాయనాల వల్లే ఈ చేదు. టాంజానియాలోని మహాలే పర్వతాల్లో ఒంట్లో బాగాలేని ఓ చింపాంజీ ఈ మొక్క కాడను ఒలిచి, లోపలి గుజ్జు నమిలి రసం మింగడాన్ని పరిశోధకులు గమనించారు. ఆ వివరాలు 1989లో ప్రచురితమయ్యాయి.

కామెరూన్ ఇళ్లల్లో ఈ ఆకును ‘కాన్వా’ అనే ఖనిజ ఉప్పు వేసి ఉడికిస్తారు. అది లేనివాళ్లు చిటికెడు వంట సోడా వాడతారు. తర్వాత చల్లార్చి, బట్టలు ఉతికినట్టు రెండు చేతులతో రుద్ది, పిండి, నీళ్లు పారబోస్తారు. ఇలా నీళ్లు మార్చి మార్చి నాలుగైదు సార్లు కడుగుతారు. బోలెడు పని కాబట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటారు. సోడా ఎక్కువైతే ఆకు జావలా అయిపోతుంది, జాగ్రత్త.

ఈ ఒక్క తప్పు చేయొద్దు

గిన్నెలో వేసే ముందే ఆకును నోట్లో వేసుకుని చూడాలి. నాలుక చివర కొద్దిగా చేదు తగిలితే సరిపోతుంది. గొంతు దాకా దిగితే మరోసారి కడగాలి. పల్లీల ముద్దలో కలిశాక మాత్రం చేదును వెనక్కి తీయడం కుదరదు. అలాగని మొత్తం చేదు పోగొడితే ఎన్‌డోలే అనిపించుకోదు.

ఆకు దొరక్కపోతే?

విదేశాల్లో ఆఫ్రికన్ సరుకుల దుకాణాల్లో కడిగి గడ్డకట్టించిన ఆకు, ఎండు ఆకు అమ్ముతారు. అవి లేనిచోట కామెరూన్ వాళ్లు కూడా పాలకూరతో సర్దుకుంటారు. మనకూ అదే దారి. గోంగూర, చుక్కకూర మాత్రం వద్దు. పులుపు ఈ కూరకు పడదు.

కావాల్సినవి (ఐదుగురికి)

పాలకూర లేదా కడిగిన చేదు ఆకు అర కిలో, పొట్టు తీసిన పచ్చి పల్లీలు 250 గ్రాములు, మాంసం అర కిలో (అక్కడ ఎక్కువగా బీఫ్ వాడతారు, మటన్ అయినా ఫర్వాలేదు), పచ్చి రొయ్యలు 250 గ్రాములు, ఎండు రొయ్యల పొడి 2 టేబుల్ స్పూన్లు, ఉల్లిపాయలు 3, వెల్లుల్లి 6 రెబ్బలు, చిన్న అల్లం ముక్క, పచ్చిమిర్చి 2, నూనె అర కప్పు, ఉప్పు.

తయారీ ఇలా..

1. మాంసంలో ఒక ఉల్లిపాయ, కొద్దిగా ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. ఆ నీళ్లు పారబోయొద్దు.

2. పల్లీలను 15 నిమిషాలు ఉడకబెట్టి వార్చండి. ఒక ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, మిర్చితో కలిపి మెత్తగా రుబ్బండి. పల్లీలు వేయించొద్దు. వేయిస్తే మన పల్లీ చట్నీ రుచి వచ్చేస్తుంది.

3. ఈ ముద్దను మాంసంలో, ఉడికించిన నీళ్లతో సహా కలిపి, ఎండు రొయ్యల పొడి వేసి సన్నని మంటపై 15 నిమిషాలు ఉంచండి. పల్లీల ముద్ద త్వరగా అడుగంటుతుంది. గరిటె ఆపొద్దు.

4. పాలకూర అయితే రెండు నిమిషాలు వేడినీళ్లలో ముంచి, తరిగి, నీళ్లు గట్టిగా పిండి వేయండి. మరో 5 నుంచి 10 నిమిషాలు ఉడికితే చాలు. కూర చిక్కగా ఉండాలి, పులుసులా జారకూడదు.

5. మిగిలిన ఉల్లిపాయను చక్రాల్లా కోసి నూనెలో వేయించండి. అందులోనే రొయ్యలు వేసి రంగు మారగానే దించి, నూనెతో సహా కూరపై పోయండి. ఎండు రొయ్యల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి చివర్లో రుచి చూశాకే ఉప్పు సరిచేయండి.

దేనితో తినాలి?

డువాలాలో దీనికి జోడీ ‘మియోండో’. పులియబెట్టిన కర్రపెండలం ముద్దను ఆకుల్లో సన్నగా చుట్టి ఉడికిస్తారు. ఉడికించిన కూర అరటికాయ, వేయించిన పండు అరటితోనూ తింటారు. మన ఇంట్లో ఉడికించిన కర్రపెండలం, అరటికాయ, అన్నం దేనితోనైనా బాగుంటుంది.

వడ్డించే ముందు ఒక్క మాట. పల్లీలు, రొయ్యలు రెండూ కొందరికి అలర్జీ తెప్పిస్తాయి. పల్లీలు ముద్దలో కలిసిపోయి కంటికి కనిపించవు కాబట్టి, అతిథులను ముందే అడిగి తెలుసుకోండి.