అద్దాల తొట్టిలో ఆకలి

హొసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట దాటిన దక్షిణ పినాకిని ఎక్కడో కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రానికి అంత దూరంగా, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హొసూరు సీమలో కూడా, ఉప్పు పొడి కలిపి సముద్రపు నీరు తయారుచేసుకుంటే, పగడపు దిబ్బల చేపలను ఇంట్లో పెంచుకోవచ్చు. వాటిలో చూడగానే మనసు లాగేది మాండరిన్ చేప. మనిషి వేలంత ఒళ్లు, ముదురు నీలం మీద మెలికలు తిరిగిన నారింజ, ఆకుపచ్చ చారలు. చాలా చేపల్లో నీలం కాంతి పరావర్తనం వల్ల కనబడేదే. దీని చర్మంలో మాత్రం నిజమైన నీలి వర్ణకం ఉన్న కణాలున్నాయి. ఇంత అందమైనదే అయినా, మామూలు తొట్టిలో దీన్ని పెంచకూడదన్నదే నా వాదన.

కారణం దాని తిండి. జపాన్ దక్షిణ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా, దిబ్బల అడుగున రాళ్ల సందుల్లో తిరుగుతూ పగలంతా కోపిపాడ్‌ల వంటి కంటికి ఆనీ ఆనని జీవులను ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. చిన్న తొట్టిలో అవి త్వరగా అయిపోతాయి. వేసిన గుళికలను చాలా మాండరిన్‌లు ముట్టవు. అందుకే దీని బాగోగులు తెలియాలంటే రంగు కాదు, పొట్ట చూడాలి. అది లోపలికి పీక్కుపోయిందంటే ఆకలితో చస్తున్నట్టే.

పొలుసులకు బదులు ఒంటినిండా చేదు జిగురుంటుంది, తెల్లమచ్చల రోగం అంత తేలిగ్గా అంటదు, కాబట్టి ఇది గట్టి చేప అని కొందరంటారు. జిగురు నిజమే, కానీ అది కడుపు నింపదు. ఈ జాతికి అంతరించే ముప్పు లేదు కదా అన్నది మరో వాదన. జాతి క్షేమంగా ఉన్నా తొట్టిలో మాడుతున్న చేపకు ఒరిగేదేమీ లేదు. పైగా వీపు మీద పొడుగాటి ముల్లున్న పెద్ద మగచేపలకే గిరాకీ ఎక్కువ, ఆడచేపలు జతకు కోరేదీ వాటినే. సంధ్యవేళ జంటగా పైకి లేచి గుడ్లు వదిలే ఈ చేపల్లో పెద్ద మగవాటినే ఏరి పట్టేస్తే దిబ్బ మీద సంతానోత్పత్తే దెబ్బతింటుంది.

హేచరీలో పుట్టి గుళికలకు అలవాటుపడ్డ మాండరిన్‌లు ఉన్నాయన్న మాటను మాత్రం ఒప్పుకోవాలి. అలాంటిది కొనేవారు అమ్మేవాడి ఎదుటే దానిచేత తినిపించి చూడాలి. అది కుదరకపోతే క్లౌన్ చేప మేలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని మన దేశంలోనే గుడ్ల నుంచి పెంచే పద్ధతి రూపొందించింది, అవి గుళికలు ఇష్టంగా తింటాయి.