రాక్ పాటకూ ఓ లెక్కుంది

హాస్టల్లో చేరిన కొత్తల్లో పక్కగదిలోంచి రాక్ పాటలు వినిపిస్తే తలుపు వేసుకునేవాణ్ణి. నాట్ల పాటలూ, సినిమా పాటలూ తప్ప ఎరగని రైతుబిడ్డను. నాకదంతా ఉత్త రొద. ఓ రాత్రి ఆ గది మిత్రుడు, "విసుక్కోకు, వేళ్ళమీద లెక్కపెట్టు" అన్నాడు. సైన్సు విద్యార్థిని కదా, లెక్కంటే వెనక్కి తగ్గుతానా?

మొదటి లెక్క దెబ్బలది. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక 'బార్'. రాక్‌లో డ్రమ్ము రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా గట్టిగా పడుతుంది. దీన్నే 'బ్యాక్‌బీట్' అంటారు. మనం వద్దన్నా కాలు ఆడించేది ఇదే.

రెండోది 'రిఫ్'. అంటే పాటంతా మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు వరస. డీప్ పర్పుల్ బృందం 1972లో విడుదల చేసిన 'స్మోక్ ఆన్ ది వాటర్' రిఫ్‌లో ఉన్నవి నాలుగే స్వరస్థానాలు! మొదట గిటారు ఒక్కటే పలుకుతుంది. తక్కిన వాద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి.

మూడోది అమరిక. మన పాటలో పల్లవి ముందు, చరణం తర్వాత. రాక్‌లో చాలావరకు ఇది తిరగబడుతుంది. 'వర్స్' అనే చరణం ముందు కథ చెబుతుంది. 'కోరస్' అనే పల్లవి ఆ తర్వాత అందుకుంటుంది. పై పాటలో చరణాలు 1971లో స్విట్జర్లాండులోని మాంట్రో పట్నంలో ఒక కాసినో తగలబడిన వైనం చెబుతాయి. రెండో కోరస్ అయ్యాక గిటారు ఒంటరిగా విజృంభిస్తుంది. అది 'సోలో'. మళ్ళీ చరణం, మళ్ళీ కోరస్.

ఇక ఆ గరగర శబ్దం సంగతి. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వనితరంగాల శిఖరాలు తెగి, కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. ఎక్కువ స్వరాలు కలిపి మీటితే అంతా కలగాపులగమే. అందుకే షడ్జమం, పంచమం రెండే మీటుతారు. వాటి నిష్పత్తి 2:3 గనుక గరగరలోనూ పొందిక చెడదు. దీని పేరు 'పవర్ కార్డ్'.

ఇదంతా పట్నవాసపు షోకు అనుకున్నాను. కాదట! రాక్‌కు తల్లివేరు బ్లూస్. అమెరికా దక్షిణాన పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతివారి పాటల్లోంచి పుట్టింది బ్లూస్. ఒకరు పలికితే మిగతావాళ్ళు బదులు పలకడం వారి పద్ధతి. బ్లూస్‌లో ఒక పాదం పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడో పాదంలో జవాబు చెబుతారు. పాదానికి నాలుగు చొప్పున 12 బార్లు. చక్ బెర్రీ 1958 నాటి 'జానీ బి. గూడ్' కట్టింది ఈ 12 బార్ల చట్రంలోనే.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళేసరికి దాళ్వా నాట్లు పడుతున్నాయి. అమ్మ పాట అందుకుంది; వరసలో ఆడవాళ్ళంతా బదులు పలికారు. హాస్టల్లో ఎవరైనా పాడమంటే ఈ పాటలు దాచుకున్నవాణ్ణి నేను. గట్టుమీద నిలబడి వేళ్ళు ముడుస్తున్నాను.

"ఏంట్రా, కూలీలను లెక్కెడుతున్నావా?" అంది అమ్మ.

"కాదమ్మా, దెబ్బలు."

"చదువుకుని ఇదా నేర్చుకున్నది!" అని నవ్వి, మళ్ళీ పాట ఎత్తుకుంది.