మాత్ర అనగా కొలత

సంస్కృతమున 'మాత్ర' అను పదమునకు కొలత, పరిమాణము అని అర్థము. ఛందశ్శాస్త్రమున హ్రస్వాక్షరమును పలుకుటకు పట్టు కాలము ఒక మాత్ర. వైద్యమున రోగికి ఈయదగిన ఔషధ పరిమాణము మాత్ర. తెలుగు వాడుకలో ఆ మాట మందుబిళ్ళకే పేరైనది. నేను వైద్యుడను కాను, శాస్త్రములు చదువుకొన్నవాడను. అయినను మొదటి అర్థమే నేడు ఆసుపత్రులలో రక్తపరీక్షగా నిలిచియుండుట గమనించి, వైద్యుల వలన తెలిసికొన్న సంగతులు మీకు విన్నవించుచున్నాను.

ఒకే బిళ్ళను ఇద్దరు మ్రింగినను ఇద్దరి రక్తమునందు మందు ఒకే పాళ్ళలో నిలువదు. మందును మార్పు చెందించునది ముఖ్యముగా కాలేయము. వెలికి పంపునది ముఖ్యముగా మూత్రపిండము. వయస్సు, ఈ అవయవముల శక్తి, తోడుగా వాడు ఇతర మందులు, వీనిని బట్టి ఆ పాళ్ళు మారును. పెక్కు మందులకు ఇందువలన చిక్కు లేదు. కొన్నింటికి మాత్రము మేలు చేయు పరిమాణమునకును కీడు చేయు పరిమాణమునకును నడుమ దూరము స్వల్పము. అట్టి వానికే ఈ పరీక్ష.

మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ పెద్దలలో సాధారణముగా మిల్లీలీటరునకు 10 మొదలు 20 మైక్రోగ్రాముల వరకు ఉండవలెను. ఈ మందు మోతాదు కొంచెము పెంచినను, ఒక్కొకప్పుడు రక్తములో అది అనేక రెట్లు వేగముగా పెరుగును. రోగి తూలును, మాట తడబడును. మూత్రపిండ మార్పిడి జరిగినవారికిచ్చు టాక్రోలిమస్ తక్కువైనచో దేహము కొత్త అవయవమును తిరస్కరించును. ఎక్కువైనచో ఆ అవయవమునకే హాని. మనోవ్యాధికిచ్చు లిథియం సాధారణముగా లీటరునకు 0.6 మొదలు 1.0 మిల్లీమోల్ వరకు ఉంచుదురు. 1.5 దాటినచో వణకు, వాంతులు, విరేచనములు కలుగవచ్చును.

పరీక్షకు వేళ ప్రాణము. లిథియమునకు కడపటి మోతాదు వేసికొనిన 12 గంటలకు, టాక్రోలిమస్‌నకు తరువాతి మోతాదునకు ముందుగా రక్తము తీయుదురు. ఉదయపు బిళ్ళ ముందే మ్రింగి వెళ్ళినచో లెక్క హెచ్చుగా కనబడును. దానిని నమ్మి వైద్యుడు మోతాదు తగ్గించిన, వ్యాధి తిరుగబెట్టును. కావున ఎన్ని గంటలకు వేసికొంటిరో, ఏ పూట మానితిరో దాచక చెప్పవలెను.

యాత్రికులకు ఒక ముఖ్యమైన మాట. ఎండలో మెట్లెక్కి చెమటోడ్చుట, నీరు త్రాగక ఉపవసించుట, ఉప్పు మాని చప్పిడి దీక్ష పట్టుట, ఇవన్నియు రక్తములో లిథియమును పెంచును. నీరు, ఉప్పు తగ్గినపుడు మూత్రపిండము దానిని వెలికి పంపక నిలుపుకొనును. అట్టి మందులు వాడువారు దీక్షకు ముందే వైద్యుని అడుగవలెను. తమంత తాము మందు మానరాదు.

ఔషధదానము చేయు దాతలకు నా విన్నపము: ఇట్టి మందులు పేదలకిచ్చునపుడు పరీక్షకగు వ్యయమును కూడ కలిపి ఇండు. కొలత లేని మందు సగము దానమే.