తూటాలో తగ్గిన ఒక గ్రాము

1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మగ మూస్‌ని కాల్చాడు. జింక జాతుల్లోకెల్లా పెద్దది మూస్. మగది ఐదారు వందల కిలోలు తూగుతుంది. ఆయన చేతిలో ఉన్నదీ చిన్న తుపాకీ కాదు, .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. దూరమూ పెద్దగా లేదు. అయినా తూటాలు లోపలికి దిగలేదు. బురదలో పొర్లి వచ్చిన ఆ జంతువు ఒంటిమీద మట్టి అట్టలు కట్టి ఉంది. మహా వేగంతో వెళ్లిన తూటాలు ఆ మట్టికీ, దళసరి చర్మానికీ తగలగానే చితికి ముక్కలయ్యాయి. తుపాకీకి బలం ఎక్కువై తూటా ఓడిపోయిందన్నమాట. ఆ అనుభవంతో నోస్లర్ మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న కొత్త తూటా తయారుచేసుకున్నాడు. ముందు భాగం చితికినా గోడ వెనకున్న సగం నిలబడి లోపలికి వెళ్తుంది. దాని పేరు పార్టిషన్. 1948లో ఏకంగా కంపెనీయే పెట్టాడు. ఇప్పటికీ నడుస్తోంది.

వేట తూటాల గోల నీకెందుకయ్యా అంటారా? నేను డెన్వర్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తుపాకీ ఎప్పుడూ పట్టలేదు, పట్టే ఉద్దేశమూ లేదు. కానీ కొలరాడోలో అక్టోబర్ వచ్చిందంటే ఆఫీసులో సగం మంది సెలవులు ఎల్క్ వేటకే. ఎల్క్ మన కణుజుకు బంధువు, మగది మూడు వందల కిలోలు దాటుతుంది. మా టీములో ఓ పెద్దాయన ప్రతి ఏడూ వేటకెళ్లి, మాకు నాలుగైదు కిలోల మాంసం ఇస్తాడు. కొవ్వు తక్కువ, రుచి బాగుంటుంది. గోంగూరతో అయితే చెప్పక్కర్లేదు. పోయినేడు మాంసంతో పాటు జంతువు ఒంట్లోంచి తీసిన తూటా కూడా చూపించాడు. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని, వెనక భాగం చెక్కుచెదరకుండా, చూడ్డానికి ఏదో రాగి పువ్వులా ఉంది. "బాండెడ్ బుల్లెట్. కాల్చినప్పుడు 180 గ్రెయిన్లు, తీసి తూచితే 164. తొంభై ఒక్క శాతం మిగిలింది" అన్నాడు గర్వంగా.

ఆ గర్వం అర్థం కావాలంటే తూటా పని ఏంటో తెలియాలి. వేట తూటా ఊరికే చిల్లు పెట్టి అవతలికి పోకూడదు. లోపలికెళ్లాక విచ్చుకోవాలి. అప్పుడే గాయం వెడల్పై, ఊపిరితిత్తులు దెబ్బతిని, రక్తపోటు పడిపోయి జంతువు త్వరగా పోతుంది. ఇలా విచ్చుకునే తూటాకి పాత పేరు మన దేశానిదే. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో, ఇప్పుడు విమానాశ్రయం ఉన్న చోటే, బ్రిటిష్ వాళ్ల ఆయుధ కర్మాగారంలో 1890ల్లో అలాంటివి చేశారు. అందుకే ప్రపంచమంతా వాటిని డమ్‌డమ్ బుల్లెట్లంది. మనుషుల మీద అంత ఘోరం వద్దని 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. కొలరాడో వేట చట్టం మాత్రం విచ్చుకునే తూటానే వాడాలంటుంది. ఎల్క్ కోసమైతే కనీసం 85 గ్రెయిన్ల బరువుండాలని కూడా రాసి ఉంది. యుద్ధంలో క్రూరమైనది వేటలో తప్పనిసరి! మొదట విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది కానీ, లెక్క సరైనదే. సన్నటి చిల్లుతో మైళ్లకొద్దీ పరిగెత్తి పొదల్లో రెండ్రోజులు తీసుకుని చచ్చే జంతువుకి, నిమిషంలో పోయే జంతువుకి ఉన్న తేడా అది.

మామూలు తూటాలో బయట రాగి తొడుగు, లోపల సీసం. సీసాన్ని తొడుగులోకి గట్టిగా నొక్కుతారు, అంతే. రెంటికీ అతుకు ఉండదు. జబ్బ ఎముకకు తగిలితే తొడుగు ఓ దారి, సీసం ఓ దారి. చొక్కా పట్టుకుంటే మనిషి జారిపోయినట్టు. బాండెడ్‌లో ఆ రెంటినీ అతికిస్తారు. చిన్నప్పుడు వీధిలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు గుర్తున్నాడా? గిన్నె వేడిచేసి, నవసాగరం చల్లి, తగరం రుద్దితే అది ఇత్తడికి అంటుకుపోయేది. ఇదీ అలాంటిదే. తొడుగులో సీసం పెట్టి, అది కరిగే 327 డిగ్రీలు దాటేదాకా వేడి చేస్తారు. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి కాబట్టి దానికేమీ కాదు. మధ్యలో పూత మందు ఉంటుంది, చల్లారాక రెండూ ఒకటే ముక్క. కొన్ని కంపెనీలు వేడికి బదులు కరెంటుతో సీసం మీదే రాగి పూత పోస్తాయి.

1960ల్లో ఐడహోలో బిల్ స్టైగర్స్ అనే ఆయన బిటర్‌రూట్ పేరుతో ఇవి చేసేవాడు. కొద్ది సంఖ్యలోనే చేసేవాడు, కొనేవాళ్లు ఎదురుచూసేవాళ్లు. 1985లో టెక్సస్‌లో జాక్ కార్టర్ ట్రోఫీ బాండెడ్ బేర్ క్లా తెచ్చాడు. 2000ల తర్వాత నోస్లర్ కంపెనీ అక్యుబాండ్‌తో సహా పెద్ద కంపెనీలన్నీ ఈ దారి పట్టాయి.

ఇక పనితనం సంగతి. ఎక్కువమంది అపోహ ఏంటంటే, దూరం ఎక్కువైతే తూటాకి కష్టం అని. నిజానికి దగ్గరే గండం. .30-06 రైఫిల్ నుంచి 180 గ్రెయిన్ల తూటా సెకనుకు 820 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. మాగ్నమ్‌లలో 900 దాటుతుంది. యాభై గజాల్లో ఆ వేగంతో జబ్బ ఎముకను గుద్దితే మామూలు తూటాలో సగం బరువు కూడా మిగలకపోవచ్చు. బాండెడ్ అక్కడే నిలబడుతుంది. ఎముక విరగ్గొట్టి, విచ్చుకుని, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. జంతువు కాస్త ఏటవాలుగా తిరిగి నిలబడినప్పుడు తూటా ఎక్కువ కండ దాటాలి, అప్పుడూ ఇదే మేలు. దూరంలో కథ తిరగబడుతుంది. వేగం సెకనుకు 550 మీటర్ల కన్నా పడిపోతే చాలా బాండెడ్ తూటాలు సరిగ్గా విచ్చుకోవు. గట్టిగా అతికించిన పుణ్యమే అక్కడ పాపమవుతుంది. చిన్న జింక పక్కటెముకల మధ్య నుంచి వెళ్లినా అంతే, అడ్డు తగిలేదేమీ లేక సన్నగా దూసుకుపోతుంది. జంతువు చావదని కాదు, దూరం పరిగెత్తి పడుతుంది.

మిగిలిన బరువు శాతం పరీక్ష మార్కుల్లాంటిది కూడా కాదు. అక్యుబాండ్‌ను అరవై, డెబ్బై శాతం మిగిలేలా కావాలనే చేశారు. ముందు భాగం కొంత అరిగితే పుట్టగొడుగు చిన్నదై లోతుకు వెళ్తుంది. తొంభై ఐదు శాతం మిగిలి పెద్ద గొడుగులా విచ్చుకున్నది మధ్యలోనే ఆగిపోవచ్చు. తగలాల్సిన చోట తగలకపోతే నూరు శాతం మిగిలినా ఆ ఎల్క్ తప్పించుకుని పోయి ఎక్కడో చస్తుంది. తూటా నాణ్యతతో గురి లోపాన్ని పూడ్చుకోవచ్చనే ధోరణి వేటగాళ్ల మాటల్లో నాకు తరచూ వినిపిస్తుంది. అది మాత్రం నాకు మింగుడు పడదు.

ఇంటికొచ్చి ఈ తొంభై ఒక్క శాతం సంగతి మా ఆవిడకు చెప్పాను. అప్పుడు తనకు అయిదో నెల. అంతా విని ఒకటే అడిగింది. "మరి మిగతా తొమ్మిది శాతం ఎక్కడికి పోయింది?"

లెక్క వేశాను. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు. తగ్గిన 16 గ్రెయిన్లు అంటే గ్రాము పైన కొంచెం. కొంత రాగి పోగా మిగిలింది సీసమే. అది ఆ జంతువు ఒంట్లోనే చెదిరింది. ఆ జంతువు కీమా మా ఫ్రీజర్లో ఉంది.

ఇది మా ఇంటి భయం మాత్రమే కాదు. 2008లో నార్త్ డకోటాలో ఒక డాక్టర్ పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసం ప్యాకెట్లకు సీటీ స్కాన్ తీయిస్తే చాలావాటిలో లోహపు చుక్కలు కనిపించాయి. దానంగా వచ్చిన ఆ మాంసాన్ని పారేయమని అక్కడి అధికారులు చెప్పారు. తర్వాత కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ రాష్ట్రంలో 700 మందికి పైగా రక్తం పరీక్షించింది. వేట మాంసం తినేవాళ్లలో సీసం సగటున డెసిలీటరుకు 0.3 మైక్రోగ్రాములు ఎక్కువుంది. పెద్దవాళ్లకు అది చిన్న తేడానే. కానీ పిల్లలకు సీసంలో ఇంతవరకు ఫర్వాలేదనే హద్దే లేదు, తల్లి రక్తంలోది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అందుకే గర్భిణులు, ఆరేళ్ల లోపు పిల్లలు సీసం తూటాతో కొట్టిన మాంసం తినొద్దని ఆ రాష్ట్రం చెప్పింది.

అదే ఏడాది మిన్నెసోటా ప్రభుత్వ శాఖ గొర్రెల కళేబరాల మీద రకరకాల తూటాలు కాల్చి ఎక్స్‌రేలు తీసింది. సీసం రేణువులు గాయానికి జానెడు దూరం దాకా, కొన్ని ఇంకా ఎక్కువ దూరం చెదిరాయి. నీళ్లతో కడిగితే పోకపోగా మరింత పాకింది. మన వంటింటికి సంబంధించిన సంగతి ఇంకొకటుంది. స్పెయిన్‌లో కౌజుపిట్టల మాంసంతో చేసిన పరీక్షల్లో, పులుపులో వండితే సీసం మాంసంలోకి ఎక్కువ కరుగుతుందని తేలింది. వాళ్ల పులుపు వెనిగర్. మనది గోంగూర.

బాండెడ్ తూటా ఈ సీసాన్ని తగ్గిస్తుంది, ఆ మాట నిజం. సగం చెదిరే చోట పదో వంతే చెదరడం మంచిదే. కానీ దాన్ని తయారుచేసింది జంతువు లోతుల్లోకి చేరడానికి, మన పళ్లెం కోసం కాదు. అడవిలో వదిలేసిన పేగులు తినే పక్షులకూ అంతే. 1982 నాటికి కాలిఫోర్నియా కాండోర్‌లు 22 మాత్రమే మిగిలాయి. ఆ పెద్ద రాబందుల ప్రధాన శత్రువుల్లో సీసం ఒకటి. మన దగ్గర పశువుల కళేబరాల్లోని డైక్లోఫెనాక్ మందు రాబందుల్ని తుడిచిపెట్టింది, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. కాలిఫోర్నియా కూడా ఆ దారిలోనే 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాల్ని పూర్తిగా ఆపేసింది. బాండెడ్‌కు మినహాయింపు లేదు.

మిగిలిన దారి పూర్తి రాగి తూటా. 1989లో బార్న్స్ కంపెనీకి చెందిన రాండీ బ్రూక్స్ తెచ్చిన ఎక్స్ బుల్లెట్‌తో ఇది జనంలోకి వచ్చింది. బరువు దాదాపు మొత్తం మిగులుతుంది, చెదిరినా అది రాగి. అయితే సీసం కన్నా రాగి తేలిక, కాబట్టి అదే బరువుకు తూటా పొడవవుతుంది. విచ్చుకోడానికి వేగం కూడా కాస్త ఎక్కువ కావాలి. ఖరీదూ ఎక్కువే.

మా పెద్దాయన్ని అడగడానికి నాకు మొహమాటం వేసింది. బహుమతిగా ఇచ్చినదాన్ని శంకించినట్టుంటుంది కదా. మా ఆవిడే ఫోన్లో అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. తూటా జబ్బ దగ్గర తగిలిందని, కీమాలో ఎక్కువ భాగం ముందు కాళ్ల దగ్గరిదేనని, వెనక తొడ ముక్కలు విడిగా కట్టానని చెప్పాడు. తను మాత్రం పురుడయ్యేదాకా ఏదీ ముట్టనంది. తొడ ముక్కలు నేను తిన్నాను. కీమా ప్యాకెట్లు ఆయనకే తిరిగిచ్చేశాం.

ఈ సీజన్‌కు ఆయన రాగి తూటాల పెట్టె కొన్నాడు. వేసవి నుంచీ శనివారాలు రేంజ్‌కెళ్లి కాలుస్తున్నాడు. నాలుగు వందల గజాల్లో అది విచ్చుకుంటుందన్న నమ్మకం ఆయనకింకా కుదర్లేదట. అందుకని మూడు వందలు దాటితే కాల్చనని గీత గీసుకున్నాడు.