ఏటి యొడ్డున అడవి విడిది



అడవిలో, ఏటి యొడ్డున, మృగములను పక్షులను చూడ వేడుకపడి వచ్చు అతిథులకై ఏర్పరచు చిన్న విడుదులను గూర్చి నేడు ముచ్చటించెదను. ఇది పట్టణముల ధనవంతుల వినోదము గదా, పల్లెటూరి పెద్దలకు దీనితో నేమి పని యని కొందఱనుకొనవచ్చును. పని యేల కలిగెనో ముందుగా మనవి చేసెదను.

నేను మానుకోటలో బహుకాలము ఉపాధ్యాయుడనై యుండి విశ్రాంతి గైకొన్నవాడను. నాయొద్ద చదివిన యొక శిష్యుడు ఉద్యోగార్థమై ఆఫ్రికాఖండమందలి జాంబియా దేశమునకు పోయి, కొన్నియేండ్లుండి తిరిగివచ్చెను. అతని స్వగ్రామము భూపాలపల్లి జిల్లాలో గోదావరికి చేరువ నున్నది. నదిగట్టున తనకున్న పట్టాభూమిలో ఆఱు గుడారములతో ఆ దేశపు పద్ధతిని ఒక విడిది నెలకొల్పవలెనని అతని కోరిక. ఊరిపెద్దలలో కొందఱు, మన పిల్లలకు పని దొరకును గావున మేలే యనిరి. కొందఱు, వచ్చువారు త్రాగి గంతులు వేయుదురు, ఊరు చెడునని వలదనిరి. తుదకు ఇరుపక్షములవారును నన్నడిగిరి. నేను వారికి చెప్పిన మాటలే మీకును చెప్పుచున్నాను. ఏలయన అట్టి ప్రశ్న రేపు మీ గ్రామమునకును రావచ్చును.

సఫారి యను మాట విని బెదరనక్కఱలేదు. అది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషాపదము; అరబ్బీలోని సఫర్ అను మాటనుండి పుట్టినది. సఫరనగా ప్రయాణమని తెలంగాణమున ఉర్దూ నెఱిగిన వృద్ధులందఱకును తెలియును. ఆ మాటయే అరబ్బు వర్తకులవెంట సముద్రము దాటి అక్కడ సఫారి యైనది. తెల్లదొరలు పోయిన కాలమున సఫారి యనగా వేట. 1909వ సంవత్సరమున అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్వెల్టు కుమారునితోగూడ పోయి వేటాడినప్పుడు, తండ్రికొడుకులు కూల్చిన జంతువులు 512 అని లెక్క. మన రాజులును దొరలును షికారు పేరిట చేసిన పనియు ఇట్టిదే. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. కెన్యా దేశమున 1977లో వేట నిషిద్ధమయ్యెను. తుపాకి పట్టినచేయి క్రమముగా కెమెరా పట్టుకొన్నది.

ఈ మార్పునకు తొలిమెట్టుగా నొక కథ చెప్పుదురు. జాంబియా దేశమున లువాంగ్వా యను నది ప్రవహించి జాంబెజీ మహానదిలో కలియును. ఆ లోయలో 1950వ సంవత్సరమున, నార్మన్ కార్ అను వనాధికారి, కుందా తెగ పెద్దయైన న్సెఫు దొరను కలిసి, మీ తెగ భూమిలో కొంత మృగములకు విడిచిపెట్టుడు, వేటకుగాక కేవలము చూచుటకై వచ్చువారిని రప్పింతము, వారిచ్చు సొమ్ము మీ ప్రజలకే చెందునని చెప్పెను. దొర సమ్మతించెను. నదియొడ్డున కొద్దిపాటి గుడిసెలతో విడిది వెలసెను. చచ్చిన యేనుగు దంతములు ఒక్కసారి మాత్రమే అమ్ముడుపోవును. బ్రతికియున్న యేనుగు ఏటేట అతిథులను రప్పించును. ఈ లెక్కను ఆ తెగపెద్ద గ్రహించినాడు.

అట్టి విడిదిలో దినచర్య యెట్లుండునో నా శిష్యుడు చెప్పగా వింటిని. గుడారము లైదారు, మహా అయిన పదియో పండ్రెండో. బయట గుడ్డగోడయే గాని, లోపల మంచము, పఱుపు, వేడినీటి స్నానపుగది యుండును. తెల్లవాఱకమునుపే అతిథులను లేపి, వేడిపానీయమిచ్చి, మార్గదర్శి వెంట అడవిలోనికి తీసికొనిపోవుదురు. నడచిపోయినచో తుపాకి గల కావలివాడును తోడు వచ్చును. ఎండ ముదిరినంతనే మరలుదురు, మధ్యాహ్నము విశ్రాంతి, సాయంకాలము మరల సంచారము. చీకటిపడినపిదప భోజనశాలనుండి గుడారమునకు పోవు నలువది అడుగుల దూరమైనను ఒంటరిగా పోరాదు. ఏలయన విడిదికి కంచె యుండదు. పగలెల్ల నీటిలో మునిగియున్న నీటిగుఱ్ఱములు రాత్రివేళ గట్టెక్కి గుడారముల నడుమనే గడ్డిమేయును. వర్షకాలమున నది పొంగి త్రోవలు మునుగును గావున, పెక్కు విడుదులు మూతపడును. కొన్నింటిని రెల్లు, గడ్డి, గుడ్డలతో కట్టి, వానలకు ముందే విప్పి, నీరు తీసినపిదప మరల కట్టుదురు.

ఇంత చిన్నవిడిదికి అంత పెద్దవెల యేల యని నేనడిగితిని. చిన్నదగుటచేతనే యని అతడనెను. ఉప్పు మొదలు దీపమువఱకు దూరమునుండి రావలెను. కొద్దిమంది అతిథులకు అనేకులు పనివారుండవలెను. అంతేగాక, నూఱుమంది చూడవచ్చినచోట చూడదగినది మిగులదు. అక్కడ ధనవంతుడు కొనునది పట్టుపఱుపు గాదు, నిశ్శబ్దము.

ఇది విన్నంతనే నాకు పంచవటి స్ఫురించెను. ఏటియొడ్డున అడవి విడిది మనకు క్రొత్త గాదు. అరణ్యకాండమున పర్ణశాలకు తగినచోటు వెదకుమని రాముడనగా, ఆ చోటు నీవే యేర్పఱుపుమని లక్ష్మణుడు వేడెను. రాముడు నేల సమముగానున్నదా, పూలచెట్లున్నవా, నీరెంత దూరమున నున్నదని చూచెను. అప్పుడు గోదావరిని చూపుచు వాల్మీకి చెప్పిన లక్షణ మొకటి కలదు: అది అతిదూరమును గాదు, అతిసమీపమును గాదు, చుట్టును మృగముల మందలు తిరుగుచున్నవి. ఈ యొక్క లక్షణమును పట్టుకొని మూడు దూరములను కొలువుడని ఊరిపెద్దలకు చెప్పితిని.

మొదటిది నదికిని విడిదికిని గల దూరము. 2023 జులై 27వ తేదీ మీరు మఱచియుండరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచగా, జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. జంపన్నవాగు కొండాయి గ్రామమున ప్రాణములను బలిగొన్నది. ఏండ్లతరబడి అక్కడనే కాపురమున్నవారికే అట్లయినప్పుడు, నిన్న వచ్చిన పట్టణపు అతిథికి వాగు స్వభావమేమి తెలియును? కావున గట్టు కొలతకు కాగితము చాలదు. ఊరిలో ముసలివారిని పిలిచి, నీరెందాక వచ్చెనో చెట్టు మొదళ్లపై చూపింపవలెను. దానికి పైనే గుడారము వేయవలెను. వానకాలమున విడిది మూయవలెను. లువాంగ్వావారు ఏటేట విప్పుకొనుటలో నున్న వివేకమిదియే.

రెండవది మృగమునకును మనుష్యునకును గల దూరము. దీనిని నేను స్వయముగా చూచితిని. ఏటూరునాగారపు అడవి 1952లో అభయారణ్యమైనది. దాని వైశాల్యము సుమారు 806 చదరపు కిలోమీటర్లు. నడుమ దయ్యాలవాగు ప్రవహించును. దుప్పి, కణితి, మనుబోతు, అడవిదున్న, ఎలుగు, చిరుత అక్కడి నివాసులు. రెండేండ్లక్రిందట వేసవిలో ఆ ప్రాంతమున నొక విడిదిలో రెండు రాత్రులు బసచేసితిని. వాగులో అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగిలియుండెను. మొదటి సాయంకాలము ఎదుటి గట్టున పదునొకండు దుప్పులు దిగి, ఒక్కటి కావలి నిలువగా తక్కినవి నీరు త్రాగినవి. నా జీవితమున అంత నెమ్మదిగా గడచిన గడియ మఱియొకటి లేదు. మఱునాడు రెండు వాహనములనిండ యువకులు దిగిరి. పెట్టెలు పెట్టి అర్ధరాత్రివఱకు పాటలు మ్రోగించిరి. కావలిగానున్న కోయ వృద్ధుడు నాప్రక్కన చతికిలబడి, "ఈ సప్పుడుకు దుప్పులు రావు సారూ. మూడొద్దులు నీళ్లకు దిగవు. ఎండకాలం, యాడికి పోతయో!" అనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాటల కొఱకు గాదు. వేసవిలో ఉన్న యొక్క మడుగును మనము ఆక్రమించినచో ఆ మూగజీవములు త్రాగునదేమి? కావున విడిది మడుగునకు దూరముగా నుండవలెను. చూచుటకు మాత్రము గట్టుచాటున ఒక మంచె చాలును. చీకటిపడినపిదప పాట కూడదు, వెలుగు మితముగా నుండవలెను. 2024 ఆగష్టు 31న తాడ్వాయి మేడారముల నడుమ పెనుగాలి వేలకొలది మహావృక్షములను కూల్చినది. గాలి చేసిన నష్టమునకు మనము బాధ్యులము గాము. మనము చేయుదానికి బాధ్యులము.

మూడవది గ్రామమునకును విడిదికిని గల దూరము. దూరమైనచో లాభమంతయు పరులపాలగును. మితిమీఱి చేరువైనచో అతిథి మన ముంగిళ్లలో దూరి, మన స్త్రీలను, మన జాతరను చోద్యముగా చూచును. ఆంధ్రదేశమున మారేడుమిల్లి అడవిలో వలమూరు ఏటి వంపున జంగిల్ స్టార్ అను విడిది వెలసినది. ఏఱు మూడువైపుల చుట్టివచ్చు ఆ స్థలమున వాలిసుగ్రీవులు పోరిరని అక్కడివారందురు. దానిని అటవీశాఖవారు గిరిజనుల వనసంరక్షణ సమితులతో గూడి నడపిరి; వంటయు, కావలియు, మార్గదర్శనమును ఆ పల్లెలవారివే. అట్టి యేర్పాటున అడవి నెఱిగినవాడు కూలివాడుగాక గురువగును. దుప్పి అడుగును మనుబోతు అడుగునుండి వేఱుచేసి చెప్పువాడు పండితుడే. అతని విద్యకు వెలయీయవలెను.

చట్టమును గూర్చి రెండు మాటలు. అభయారణ్యము లోపల వ్యాపారపు వసతిగృహము కట్టుటకు జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి వలయును. ఏజెన్సీ గ్రామములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్ముటయేగాక కౌలుకిచ్చుటయు 1/70 చట్టముచే చెల్లదు. 1996 నాటి పెసా చట్టమును, 2006 నాటి అటవీహక్కుల చట్టమును గ్రామసభకు బలము నిచ్చినవి. ఎవరైన తియ్యని మాటలతో వచ్చి వ్రేలిముద్ర వేయుమన్నచో, ముందు గ్రామసభ యెదుట ఆ పత్రమును బిగ్గఱగా చదివింపుడు. చదువ సందేహించువాని పత్రముపై సంతకము వలదు.

నా శిష్యుని సంగతి యేమైనదని మీరడుగుదురు. ముసలివారు చూపిన వఱదగుర్తు, అతడు గుడారములకై పాతిన కఱ్ఱలకంటె నిలువెత్తు పైన నుండెను. అతడు తెల్లబోయి, కఱ్ఱలు పీకి మెఱకకు మార్చెను. అక్కడ నాలుగింటికే చోటు గలదు. పనివారు ఊరివారే యుండవలెనని, రాబడిలో కొంత గ్రామమునకు చెందవలెనని, వేసవిలో మడుగు జోలికి పోరాదని పత్రము వ్రాసికొనిరి. వలదన్న పెద్దలలో నొకరు ఇప్పటికిని సమాధానపడలేదు. ఆయనను పత్రముననుసరించి విచారణ చేయు పెద్దగా నియమింపుడని నేను సలహా చెప్పితిని. సందేహించువాడే చక్కగా కనిపెట్టును గదా.

విడిది కట్టుట మంచిదా చెడ్డదా యని నన్నడిగినచో, కట్టబోవు చోట నిలిచి మూడు దూరములను కొలిచి మీరే తీర్పు చెప్పుడని మనవి చేయుదును. ఆ మూడింటిలో నేయొక్కటి తప్పినను, ఎంత సొమ్ము చూపినను, వలదని చెప్పుడు. మూడును కుదిరినచో, మన పిల్లలు పట్టణమునకు పోకుండ తమ యేటి యొడ్డుననే బ్రతుకుటకు అదియొక త్రోవ. ఏఱు మనకంటె ముందునుండి యున్నది, దుప్పులును అంతే. వారి యింటికి మనము అతిథులము.

సెలవు.