మాఘ ఫాల్గుణాలలో గరిక మైదానం: నల్లరేగడి నేలలకు తగిన గోల్ఫ్ పచ్చిక యాజమాన్యం

గుంటూరు, ప్రకాశం మైదానాలలో గరిక పేరు వింటే పత్తి, మిరప రైతులకు గుర్తుకు వచ్చేది మొండి కలుపు. వేసవి దుక్కులలో దాని కాడలను ఏరివేయడానికి వారు ఎంతో శ్రమపడతారు. క్రీడా మైదానంలో మాత్రం అదే ప్రధానమైన పైరు. 1829లో కలకత్తాలో మన దేశపు తొలి గోల్ఫ్ క్లబ్బు ఏర్పడింది. నేడు తెలుగునాట గోల్కొండ కోట నయాకిలా ప్రాంతంలోను, విశాఖపట్నంలోను ఈ ఆట మైదానాలున్నాయి. వాటిలోను, మన ప్రాంతపు కళాశాలల క్రికెట్ మైదానాలలోను పచ్చికను సంరక్షించే బాధ్యత ఇప్పుడు వ్యవసాయ పట్టభద్రుల చేతికి వస్తున్నది. చలి తగ్గి ఎండ ముదిరే జనవరి నుండి మార్చి వరకు ఏమి చేయాలన్నది వారు తరచుగా అడిగే ప్రశ్న.

ఈ విషయంపై లభించే గ్రంథాలలో అధిక భాగం మంచు కురిసే దేశాలను దృష్టిలో ఉంచుకొని రాసినవి. వాటిని యథాతథంగా అనుసరిస్తే మన నేలలో మేలు కంటే కీడే ఎక్కువ.

గరిక స్వభావం

గరిక ఉష్ణమండలపు గడ్డి. 27 నుండి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుకుగా పెరుగుతుంది. నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గినచోట నిద్రావస్థలోకి వెళ్లి గోధుమరంగుకు మారుతుంది. అందువల్లనే ఉత్తర భారతంలో శీతాకాలపు పచ్చదనం కోసం రై గడ్డి విత్తనాన్ని పైపాటుగా చల్లుతారు. గుంటూరులో జనవరి రాత్రులు కూడా సాధారణంగా అంత చల్లబడవు. ఇక్కడ గరిక నిద్రపోదు, పెరుగుదల మాత్రమే మందగిస్తుంది. కనుక రై గడ్డి పైపాటు మనకు అనవసరమైన ఖర్చు. పైగా ఎండలు ముదిరే వేళ అది గరికతో నీటికి, వెలుతురుకు పోటీపడుతుంది.

గ్రీన్ల మీద పెంచే పొట్టి రకాలలో ప్రసిద్ధమైన టిఫ్‌డ్వార్ఫ్ 1965లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ పరిశోధనా కేంద్రం నుండి వెలువడింది. అక్కడి శాస్త్రవేత్త గ్లెన్ బర్టన్ రూపొందించిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ వంశక్రమమే, అదే సంవత్సరం మన దేశంలో విడుదలైన హైబ్రిడ్ సజ్జ హెచ్‌బి-1కు తల్లి. ఇటువంటి సంకర గరిక రకాలు విత్తనం కట్టవు. కాడల ముక్కలతోనే వాటిని వ్యాప్తి చేయాలి.

నేల, నెర్రెలు

నల్లరేగడిలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఫిబ్రవరి నాటికి నెర్రెలు విచ్చుకొని గరిక వేళ్లను తెంపుతాయి. కొన్నేళ్ల క్రితం ఒక విద్యాసంస్థ మైదానంలో ఈ నెర్రెలను ఇసుకతో పూడ్చారు. ఆ ఆలోచనను సమర్థించినవారిలో నేనూ ఒకడిని. వర్షాకాలంలో మట్టి ఉబ్బినప్పుడు ఇసుక నిండిన నెర్రెలు మూసుకోవడానికి చోటు లేక, నేల ఎగుడుదిగుడుగా పైకి లేచింది. నెర్రెలను పూడ్చరాదు, అవి ఏర్పడకుండా తేమను నిలకడగా ఉంచాలని ఆ అనుభవం నేర్పింది.

గ్రీన్ల వంటి ముఖ్యమైన భాగాలను నల్లరేగడి మీద నేరుగా నిర్మించరాదు. 10 సెంటీమీటర్ల గులకరాళ్ల పొర మీద 30 సెంటీమీటర్ల ఇసుక ప్రధానమైన వేరుమండలాన్ని ఏర్పరచి, మురుగునీటి గొట్టాలు అమర్చడం ప్రామాణిక పద్ధతి. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో సమస్య ఇందుకు భిన్నం. అక్కడ నీరు, పోషకాలు నిలవవు. రెండింటినీ కొద్దికొద్దిగా పలుమార్లు అందించాలి.

నీరు, ఎరువు, కోత

జనవరి ఉదయాలలో మంచు ఆకుమీద చాలాసేపు నిలిస్తే ఆకుమచ్చ తెగుళ్లు వ్యాపిస్తాయి. తెల్లవారగానే పొడవాటి తాడును పచ్చికపై లాగి మంచును రాల్చాలి. సాయంత్రపు తడి మానుకొని వేకువనే నీరివ్వాలి.

నీటి అవసరాన్ని లెక్కకట్టడం కష్టం కాదు. రోజువారీ ప్రామాణిక బాష్పోత్సేకం 5 మిల్లీమీటర్లు అనుకుంటే, గరికకు అందులో సుమారు 60 శాతం, అంటే 3 మిల్లీమీటర్లు చాలు. హెక్టారుకు ఇది 30,000 లీటర్లు. 20 హెక్టార్ల మైదానానికి రోజుకు 6 లక్షల లీటర్లు. మిరప చివరి కోతలకు కాలువనీటి కోసం రైతు ఎదురుచూసే రోజులలో ఆటకు ఇంత మంచినీటిని వాడడం సమర్థనీయం కాదు. శుద్ధిచేసిన మురుగునీటిని వాడాలి. గరిక ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, కానీ నల్లరేగడి సోడియంను ఓర్చుకోదు. కనుక నీటి పరీక్ష తప్పనిసరి. అవసరాన్ని బట్టి జిప్సం వేయాలి.

పెరుగుదల మందగించిన జనవరిలో నత్రజని ఎక్కువగా వేయరాదు. ఫిబ్రవరి చివరి వారంలో చదరపు మీటరుకు 2 గ్రాముల నత్రజని, అంటే హెక్టారుకు సుమారు 43 కిలోల యూరియా వేసి వెంటనే తడి పెట్టాలి. ఒక్క కోతలో ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. నేలకు రంధ్రాలు చేసి గాలి ఆడించే పనిని గరిక తిరిగి చురుకుగా పెరిగే మార్చికి వాయిదా వేయాలి.

కలుపు మందులు: పొరుగు చేను

పచ్చికలో వెడల్పాకు కలుపు నివారణకు పలు దేశాలలో 2,4-డి వాడతారు. మన ప్రాంతంలో ఈ మూడు నెలల్లో మైదానం కంచె అవతల మిరప కాపు మీద ఉంటుంది, కొన్నిచోట్ల పత్తి ఇంకా చేలోనే ఉంటుంది. పత్తి ఈ మందుకు అత్యంత సున్నితమైన పైరు, మిరపకూ ప్రమాదం తక్కువేమీ కాదు. ముఖ్యంగా ఎస్టర్ రూపంలోని మందు ఆవిరై గాలివాటున వెళితే ఆకులు సన్నబడి మెలితిరుగుతాయి. రైతు దానిని పురుగు వల్ల వచ్చిన ముడతగా భ్రమించి మందు వెనుక మందు కొడతాడు. ఆ అప్పు అతనిదే, కారణం మాత్రం మనది. కనుక మిరప కోతలు ముగిసేవరకు ఈ మందును మైదానంలోకి రానీయరాదు. వయ్యారిభామను పూతకు ముందే పీకించాలి, తుంగను దుంపతో సహా తవ్వించాలి. కూలి ఖర్చు పెరిగినా ఇదే న్యాయం.

ఫిబ్రవరి మైదానం పచ్చగా ఉండటమే సమర్థతకు కొలమానం కాదు. ఎంత మంచినీటిని మిగిల్చాము, కంచె అవతలి పైరుకు హాని జరగకుండా చూశామా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. గరిక పోషణలో ఆ మేరకు మనం రైతుకు జవాబుదారులం.